బోల్టు బిగించేది బండి నేల మీద నిలబడ్డాకే



కారు కొని పదిహేనేళ్లు అవుతోంది. ఇంజను బాగానే ఉంది. బాడీ కూడా పరవాలేదు. కానీ వీధి చివర స్పీడ్ బ్రేకర్ దాటేసరికి ముందు చక్రం దగ్గర 'టక్' మని ఒక చప్పుడు. కొన్నాళ్లకు చిన్న గతుకుకే 'టక్ టక్'. ఇంకొన్నాళ్లకు బ్రేకు తొక్కినా చప్పుడే.

పాత కారు ఉన్న ఇంట్లో ఈ చప్పుడు వినని వాళ్లు అరుదు. చప్పుడు రాగానే అందరి చూపూ షాక్ అబ్జార్బర్ల మీదికి పోతుంది. "షాకులు పోయాయి సార్" అంటాడు మెకానిక్. షాకులు మారుస్తారు. వేలల్లో ఖర్చవుతుంది. చప్పుడు మాత్రం పోదు. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయిస్తారు. నెల తిరక్కుండానే స్టీరింగ్ మళ్లీ ఒక పక్కకు లాగుతుంది. టైరు లోపలి అంచు గుండు గీసినట్టు నున్నగా అరిగిపోతుంది. అసలు దోషి మాత్రం చక్రం వెనకాల, బురద కప్పుకుని, ఎవరి కంటా పడకుండా కూర్చుని ఉంటుంది. గుప్పిట్లో పట్టేంత రబ్బరు ముక్క అది. దాని పేరు బుష్.

ఈ పూట మాట్లాడుకునేది ఆ బుష్ గురించే. అరిగిన బుష్‌ను మార్చాలని ప్రతి మెకానిక్‌కీ తెలుసు. చాలా షెడ్లలో జారిపోయే సంగతి మరొకటి ఉంది. కొత్త బుష్ వేశాక దాని బోల్టును ఎప్పుడు బిగించాలి? జాకీ మీద చక్రం గాల్లో వేలాడుతున్నప్పుడా? బండి నేల మీద నిలబడ్డాకా? జవాబు ముందే చెప్పేసుకుందాం. నేల మీద నిలబడ్డాకే. కారణం తెలియాలంటే బుష్ లోపల ఏముందో చూడాలి.

రెండు ఇనుప గొట్టాలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దదాని లోపల చిన్నది. రెంటి మధ్య దట్టంగా రబ్బరు. అంతే బుష్. చాలా కార్లలో ఆ రబ్బరు రెండు గొట్టాలకూ గట్టిగా అతుక్కుని ఉంటుంది. బయటి గొట్టాన్ని, చక్రాన్ని బాడీతో కలిపే లోయర్ ఆర్మ్ రంధ్రంలో బిగుతుగా దిగ్గొడతారు. లోపలి గొట్టంలోంచి బోల్టు దూర్చి, ఆర్మ్‌ను బండి బాడీకి బిగిస్తారు. ఒక్క విషయం గమనించండి. బోల్టు బిగిశాక లోపలి గొట్టం ఇక కదలదు. బాడీలో భాగమైపోతుంది. చక్రంతో పాటు ఆర్మ్ మాత్రం పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. మరి కదలని గొట్టానికీ ఊగే ఆర్మ్‌కీ పొత్తు ఎలా కుదురుతుంది? మధ్యలో ఉన్న రబ్బరు మెలితిరుగుతుంది. చక్రం పైకి లేస్తే ఒక వైపు, కిందికి దిగితే రెండో వైపు. ఇక్కడ జారేదీ తిరిగేదీ ఏమీ లేదు. ఉన్నదల్లా రబ్బరు మెలిక.

ఒకప్పుడు ఈ ఏర్పాటు లేదు. ఇనుము మీద ఇనుమో, ఇనుము మీద ఇత్తడో తిరిగేది. దానికి గ్రీజు పెడుతూ ఉండాలి. అంబాసిడర్ నడిపిన పాత డ్రైవర్లకు గ్రీజు గన్ను బాగా గుర్తుండే ఉంటుంది. రబ్బరు బుష్ వచ్చి ఆ చాకిరీ తప్పించింది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసి గట్టిపరిచే పద్ధతి కనుక్కోకపోతే ఇది సాధ్యమయ్యేది కాదు. పచ్చి రబ్బరు ఎండకు జిగురవుతుంది, చలికి బిరుసెక్కుతుంది. గంధకం కలిశాకే అది బండి బరువు మోయగలిగింది.

ఇప్పుడు మనందరికీ తెలిసిన బండిని తీసుకుందాం. మారుతి 800. 1983 డిసెంబరులో మొదటి కారు తాళాలు కొన్నవారి చేతికి వచ్చాయి. 2010లో కొత్త కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడు హైదరాబాద్‌తో సహా పదమూడు నగరాల్లో దాని అమ్మకం ఆగింది. 2014 జనవరిలో తయారీయే ఆగింది. అంటే ఇవాళ రోడ్డు మీద కనిపించే చిట్టచివరి 800కైనా పదేళ్లు దాటాయి. లోపలి రబ్బరు ఎప్పుడూ మార్చకపోతే, దాని వయసూ అంతే. బండి తిరిగినా తిరగకపోయినా రబ్బరు ముసలిదవుతూనే ఉంటుంది. గాలిలోని ఓజోను దాన్ని పగలగొడుతుంది. ఎండా ఇంజను వేడీ బిరుసెక్కిస్తాయి. షెడ్డులో కవరు కప్పి దాచిన కారుకు బుష్‌లు పోవనుకోవడం వట్టి భ్రమ.

800 ముందు భాగంలో ఒక్కో చక్రానికీ ఒక్కో లోయర్ ఆర్మ్ ఉంటుంది. దాని లోపలి కొసలో ఒక బుష్. బయటి కొసలో బాల్ జాయింట్. రెండు చక్రాలనూ కలుపుతూ అడ్డంగా ఒక వంగిన కడ్డీ వెళుతుంది. దాన్ని స్టెబిలైజర్ బార్ అంటారు. మలుపుల్లో బండి ఒరగకుండా అది ఆపుతుందని చాలామందికి తెలుసు. కానీ ఈ బండిలో దానికి రెండో ఉద్యోగం కూడా ఉంది. లోయర్ ఆర్మ్ ముందుకూ వెనక్కూ పోకుండా పట్టి ఉంచేది కూడా ఆ కడ్డీయే. దాని కొసలు ఆర్మ్‌లోంచి దూరే చోట బుష్‌లు ఉంటాయి. బాడీకి బిగించిన చోట ఇంకో రెండు రబ్బర్లు ఉంటాయి. ఇవి అరిగితే బ్రేకు తొక్కగానే చక్రం వెనక్కి జరుగుతుంది. బ్రేకు వదలగానే ముందుకు వస్తుంది. ఆ రాకపోకలదే 'టక్' చప్పుడు. చక్రం జరిగిందంటే దాని దిక్కు కూడా మారినట్టే. అందుకే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. అందుకే అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా నిలవదు. మిషను తప్పేమీ లేదు. అది కొలిచింది నిలబడి ఉన్న చక్రాన్ని. రోడ్డెక్కాక ఆ చక్రం తన ఇష్టం వచ్చినట్టు జరుగుతోంది.

ఇక అసలు విషయానికి వద్దాం. బండిని జాకీ మీద లేపగానే చక్రం కిందికి వేలాడుతుంది. ఆర్మ్ కూడా కిందికి వాలిపోతుంది. ఆ స్థితిలో బోల్టు బిగించారనుకోండి. లోపలి గొట్టం అక్కడే బందీ అయిపోతుంది. రబ్బరు దృష్టిలో ఇక అదే విశ్రాంతి స్థానం. తర్వాత జాకీ దింపుతారు. బండి బరువు పడి ఆర్మ్ పైకి లేస్తుంది. కారు ఇంకా అంగుళం కూడా కదల్లేదు. రబ్బరు అప్పుడే మెలితిరిగి ఉంది.

దర్జీ దగ్గర చొక్కాకు కొలతలు ఇవ్వడం గుర్తు తెచ్చుకోండి. చేతులు మామూలుగా కిందికి వదిలి నిలబడతాం. రెండు చేతులూ పైకెత్తి కొలతలు ఇచ్చామనుకోండి. ఆ కొలతతో కుట్టిన చొక్కా చేతులు ఎత్తినప్పుడే ఒంటికి సరిపోతుంది. చేతులు దించితే చంకల్లో పట్టేస్తుంది. కొత్త బట్టే, మంచి కుట్టే. అయినా నెలల్లోనే చంక దగ్గర పిగిలిపోతుంది. మనిషి రోజంతా ఎలా ఉంటాడో ఆ కొలత తీసుకోవాలి గానీ ఎప్పుడో ఒకసారి చేతులెత్తిన కొలత కాదు. బుష్‌కూ అదే న్యాయం. కారు తన జీవితంలో నూటికి తొంభై పాళ్లు ఏ ఎత్తులో నిలబడి ఉంటుందో, ఆ ఎత్తులోనే బోల్టు బిగియాలి.

అలా బిగిస్తే రబ్బరు మామూలుగా ఉన్నప్పుడు హాయిగా ఉంటుంది. గతుకు వస్తే ఇటు కొంచెం, గుంట వస్తే అటు కొంచెం మెలితిరుగుతుంది. వేలాడేసి బిగిస్తే మాత్రం ఇంటి ముందు నిలిపి ఉంచిన కారులో కూడా రబ్బరు రాత్రంతా లాగబడుతూనే ఉంటుంది. దాని మీద గతుకు వచ్చిందంటే మెలిక ఇంకా పెరుగుతుంది. కొన్నాళ్లకు రబ్బరు గొట్టం నుంచి ఊడిపోతుంది. "డూప్లికేట్ ముక్క ఇచ్చాడు" అని షాపువాణ్ణి తిట్టుకుంటారు. ముక్క మంచిదే కావచ్చు. బిగించిన వేళ మంచిది కాదు.

కార్ల కంపెనీలు తమ వర్క్‌షాపు పుస్తకాల్లో ఈ మాట రాస్తూనే ఉన్నాయి. బండిని నేలకు దింపి, చక్రాల మీద బరువు పడ్డాక చివరి బిగింపు బిగించమని. కానీ పుస్తకం ఆఫీసు గదిలో ఉంటుంది, మెకానిక్ కారు కింద ఉంటాడు. పైగా పెద్ద వర్క్‌షాపుల్లో రెండు స్తంభాల లిఫ్టు బండిని బాడీ దగ్గర పట్టి ఎత్తుతుంది. నాలుగు చక్రాలూ వేలాడతాయి. గాలి గన్నుతో బోల్టు బిగించడం అర నిమిషం పని. బండి దిగిపోతుంది. ఈ ఒక్క విషయంలో విజయవాడ ఆటోనగర్‌లోనో, ఏ ఊరి శివారులోనో గొయ్యి తవ్వుకుని పనిచేసే పాత షెడ్డే మేలు. గొయ్యి మీద బండి తన చక్రాల మీదే నిలబడి ఉంటుంది. మేస్త్రీ కింద నిలబడి హాయిగా బోల్టు బిగిస్తాడు.

సరే, బుష్ పోయిందని ముందు తేల్చుకోవాలి కదా. ఊరికే అన్నీ మార్చేయకూడదు. పెద్ద గుంటలో పడ్డప్పుడు వచ్చే చప్పుడు కంటే, నెమ్మదిగా పోతూ చిన్న చిన్న గతుకుల మీద వచ్చే చప్పుడు బుష్ మీద అనుమానం పెంచుతుంది. ఖాళీ మైదానంలో ఒక పరీక్ష చేయవచ్చు. మనిషి నడిచే వేగంతో బండిని ముందుకు పోనిచ్చి బ్రేకు తొక్కండి. తర్వాత రివర్సులో అదే చేయండి. రెండుసార్లూ ముందు నుంచి 'టక్' మంటే బుష్‌లను వెతకాల్సిందే. కిర్రుమనే మోత వేరు. వానలో తడిస్తే అది కాసేపు పోతుంది, ఆరాక తిరిగి వస్తుంది. రబ్బరు ఎండిపోయి రాసుకుంటోందని దాని అర్థం.

తర్వాత మెకానిక్ చేయాల్సింది కంటితో చూడటం. పైపైన సన్నని పగుళ్లు ఉంటే కంగారు పడక్కర్లేదు. వయసుకు ముడతలు రావడం సహజం. రబ్బరు గొట్టం నుంచి విడిపోయిందా, లోపలి గొట్టం నడుమన కాకుండా ఒక పక్కకు కుంగిందా అన్నది చూడాలి. ఆర్మ్‌కీ బాడీకీ మధ్య ఒక రాడ్డు పెట్టి మెల్లగా తిప్పితే గట్టి బుష్ కాస్త కదిలి వెనక్కి వస్తుంది. పోయిన బుష్ లొటలొట ఊగుతుంది. అదే సమయంలో బాల్ జాయింటూ, పైన షాక్ అబ్జార్బర్‌ను బాడీకి పట్టి ఉంచే స్ట్రట్ మౌంటింగూ కూడా చూడమనండి. 'టక్' మనే గుణం వాటికీ ఉంది. బాల్ జాయింట్ కూడా అరిగి ఉంటే, కొన్ని కార్లకు బుష్ విడిగా కొనడం కంటే ఆర్మ్ మొత్తం కొనడమే లాభం. అందులో అన్నీ కొత్తగా బిగించే వస్తాయి. ముక్క ధర కొంచెం ఎక్కువైనా కూలి కలిసొస్తుంది.

మార్చేటప్పుడు రెండు వైపులా మార్చాలి. ఎడమ పక్క కొత్తదీ కుడి పక్క పాతదీ ఉంటే బండి రెండు మనసులతో నడుస్తుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక చిన్న కొలత తీసుకోవాలి. టేపు చాలు. కారు చదునైన నేల మీద ఉన్నప్పుడు చక్రం మధ్య నుంచి పైనున్న ఫెండర్ అంచు దాకా ఎంత ఉందో కొలిచి రాసుకోవాలి. ఈ అంకె చివర్లో అవసరపడుతుంది. అప్పుడు జాకీ పెట్టాలి. జాకీతో సరిపెట్టకుండా కింద గట్టి స్టాండు కూడా పెట్టాలి. ఇటుకలు పెట్టి కారు కిందికి దూరడం ఎంత చిన్న పనికైనా తగదు. ఇటుక పగిలేముందు చెప్పదు.

పాత బుష్‌ను ప్రెస్సు మీద నొక్కి తీయడం పద్ధతి. లేత్ షాపుల్లో ప్రెస్సు ఉంటుంది. కొన్ని షెడ్లలో గ్యాసు మంట పెట్టి రబ్బరును కాల్చేస్తారు. చూడ్డానికి పని తొందరగా అయినట్టే ఉంటుంది. ఆ పొగ పీల్చేవాడికి చేటు, ఎర్రగా కాలిన ఆర్మ్‌కూ చేటు. సుత్తితో బాదడం కూడా అంతే. రంధ్రం అంచు వంగిందంటే కొత్త బుష్ అందులో సరిగా కూర్చోదు. రంధ్రంలో తుప్పు ఉంటే ఎమెరీ పేపరుతో శుభ్రం చేయాలి. కొత్త బుష్‌ను నొక్కేటప్పుడు ఒత్తిడి బయటి గొట్టం మీదే పడాలి. నడుమ నొక్కితే రబ్బరు అప్పుడే తెగుతుంది. కొన్ని బుష్‌లలో రబ్బరు మధ్య ఖాళీలు వదులుతారు. ఆ ఖాళీ ఏ వైపు ఉందో పాతది తీయకముందే సున్నంతో గుర్తు పెట్టుకోవాలి.

ఇక్కడ అంబాసిడర్ కాలం అలవాటు ఒకటి అడ్డొస్తుంది. "కొంచెం గ్రీజు రాద్దాం, సులువుగా దిగుతుంది" అంటారు. వద్దు. సహజ రబ్బరుకు మినరల్ ఆయిలూ మామూలు గ్రీజూ విషం. నూనె పీల్చి రబ్బరు ఉబ్బుతుంది, మెత్తబడి చీలిపోతుంది. సబ్బు నీళ్లు చాలు. అవి తడి ఆరేదాకా జారుడు ఇస్తాయి, ఆ తర్వాత ఏ హానీ చేయవు. కారు కడిగాక కిందంతా డీజిలో పాత ఇంజను ఆయిలో కొట్టించే అలవాటు ఇప్పటికీ కొన్ని సర్వీసు స్టేషన్లలో ఉంది. తుప్పు రాదంటారు. తుప్పు సంగతేమో గానీ, బుష్‌లు మాత్రం త్వరగా పోతాయి. ఇంజను ఆయిల్ కారుతూ కింది బుష్ మీద పడుతుంటే ముందు ఆ లీకు ఆపించండి.

ఆర్మ్ ఎక్కించాక బోల్టులు పెట్టి చేత్తో తిప్పి వదలాలి. పానా వేయొద్దు. చక్రం బిగించి, జాకీ దింపి, బండిని నేల మీద నిలబెట్టాలి. కొన్ని అడుగులు ముందుకూ వెనక్కూ నెట్టాలి. బానెట్ మీద చేతులు వేసి నాలుగుసార్లు ఊపాలి. స్ప్రింగులు తమ చోట కుదురుకుంటాయి. అప్పుడు గొయ్యిలోకి దిగి, టార్క్ రెంచితో కంపెనీ చెప్పినంత బిగింపు ఇవ్వాలి. గొయ్యి లేకపోతే? బాడీని స్టాండ్ల మీద ఉంచి, ఆర్మ్ బయటి కొస కింద జాకీ పెట్టి నెమ్మదిగా పైకెత్తాలి. ఇందాక టేపుతో కొలిచిన అంకె వచ్చేదాకా ఎత్తి ఆపాలి. బండి నేల మీద ఉన్నట్టే లెక్క. ఆ ఎత్తులో బిగించాలి. వెనక చక్రాల ట్రెయిలింగ్ ఆర్మ్ బుష్‌లకూ ఇదే నియమం. స్టెబిలైజర్ బార్ నట్లకూ ఇదే. ఇంకోసారి చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి. బోల్టు పెట్టేది గాల్లో, బిగించేది నేల మీద.

తీసిన లాక్ నట్టునూ కాటర్ పిన్నునూ మళ్లీ వాడకుండా కొత్తవి వేయించండి. అలైన్‌మెంట్ ఇవన్నీ అయ్యాక. ముందు చేయిస్తే డబ్బు వృథా.

పాలీయురెథేన్ బుష్‌ల గురించి చాలామంది అడుగుతారు. రంగురంగుల్లో వస్తాయి. నూనెకు లొంగవు, ఎక్కువ కాలం మన్నుతాయి. వాటిలో చాలా రకాల్లో గొట్టం లోపల తిరుగుతుంది కాబట్టి మెలిక గొడవ కూడా తక్కువ. రేసులకు పోయే కుర్రాళ్లకు బాగుంటాయి. కానీ అవి గట్టివి. రోడ్డు మీది ప్రతి గరుకూ స్టీరింగ్ దాకా వస్తుంది. తగిన గ్రీజు లేకపోతే కీచుమంటాయి. అమ్మానాన్నలను ఎక్కించుకుని ఊరెళ్లే పాత కారుకు మామూలు రబ్బరే సరైన ఎంపిక.

కొత్త బుష్ ఎంతకాలం ఉంటుందన్నది రోడ్డు మీద కూడా ఆధారపడుతుంది. స్పీడ్ బ్రేకర్ ఎలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో చెప్పింది. మూడు మీటర్ల డెబ్బై సెంటీమీటర్ల వెడల్పు. ఎత్తు పది సెంటీమీటర్లు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటినా కుదుపు రాని వాలు. మన కాలనీల్లో రాత్రికి రాత్రి సిమెంటుతో వేసేవి ఎలా ఉంటాయో శ్రోతలకు చెప్పక్కర్లేదు. జానెడు వెడల్పు, గోడంత నిటారు. వాటి మీదికి బ్రేకు తొక్కి పట్టుకునే ఎక్కితే దెబ్బంతా బుష్‌కే. ముందే వేగం తగ్గించి, చక్రం ఎక్కే సమయానికి బ్రేకు వదిలేయండి.

ఇక షెడ్డుకు వెళ్లినప్పుడు మెకానిక్‌తో తగవు పెట్టుకోనక్కర్లేదు. హైదరాబాద్‌లో అయితే "ఉస్తాద్", కోస్తాలో అయితే "మేస్త్రీగారూ" అని పిలిచి, "చివరి బిగింపు బండి దించాక వేద్దామా?" అని అడగండి. పని తెలిసినవాడు నవ్వి ఒప్పుకుంటాడు. తెలియనివాడు కారణం అడుగుతాడు, చెప్పండి. బండి తీసుకునేటప్పుడు పాత బుష్‌లు కూడా అడిగి తెచ్చుకోండి. మార్చారని రుజువు ఉంటుంది. రబ్బరు ఎక్కడ తెగిందో, నూనెకు ఉబ్బిందో, ఎండకు పగిలిందో మీ కళ్లతోనే చూసుకోవచ్చు. ఉబ్బి ఉంటే మాత్రం కొత్తది కూడా పోకముందే ఇంజను కింద లీకు వెతికించండి.